పెరటి చెట్టుకు కార్తె లెక్క

జనవరిలో పెరటి మామిడి పూతకు రాగానే చాలా ఇళ్లలో ఒకే కంగారు మొదలవుతుంది. పూగుత్తుల మీద జిగురు కారుతుంటుంది. కింది ఆకులు తడిసినట్టు మెరుస్తుంటాయి. కొమ్మ కదిపితే చిన్న చిన్న పురుగులు వందలకొద్దీ చిటపటమని ఎగిరి మొహానికి తగులుతాయి. వారం పది రోజుల్లో ఆకుల మీద నల్లటి మసి కమ్ముకుంటుంది, పూత మాడి రాలిపోతుంది. అప్పుడు మందుల షాపుకు వెళ్లి ఏదో ఒక సీసా తెచ్చి కొట్టేస్తారు. ఈ ఏడు మంచు ఎక్కువ పడింది, అందుకే పూత నిలవలేదని చెప్పుకుంటారు.

ఆ జిగురు ఆకాశం నుంచి పడింది కాదు, తేనెమంచు పురుగు విసర్జించిన చక్కెర నీరు. ఈ పురుగు గోధుమ గింజంత కూడా ఉండదు. తల వైపు వెడల్పుగా, తోక వైపు కోసుగా ఉంటుంది. సూదిలాంటి నోటిని పూకాడలోకి దించి రసం పీలుస్తుంది. చెట్టు రసంలో చక్కెర ఎక్కువ, పురుగు ఒళ్లు పెరగడానికి కావలసిన నత్రజని తక్కువ. చాలినంత నత్రజని దక్కాలంటే ఎంతో రసం తాగాలి, అక్కర్లేని చక్కెరను ఎప్పటికప్పుడు బయటికి వదలాలి. ఆ తీపి మీద పెరిగే బూజే మసి తెగులు. ఆ బూజు ఆకు లోపలికి దిగదు, పైనే పరుచుకుని ఎండను ఆపేస్తుంది. ఎండ అందని ఆకు ఆహారం తయారు చేసుకోలేదు.

పూత లేని నెలల్లో ఈ పురుగు ఎక్కడికో వలస పోదు. అదే చెట్టు మీద బెరడు పగుళ్లలో, ఎండ చొరబడని గుబురులో, తేమలో రోజులు వెళ్లదీస్తుంది. పూకాడ బయటికి రాగానే అందులోనే గుడ్లు పెడుతుంది. పూత చూశాక మనం మేలుకుంటే అప్పటికే ఒక తరం పిల్లలు రసం పీలుస్తుంటాయి. అందుకే పురుగు కనబడినప్పుడు కొట్టే మందు కన్నా, కనబడక ముందు పట్టే రంపానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. పెరటి మామిడికి ఆ రంపం పట్టాల్సిన కాలం మృగశిర, ఆరుద్ర కార్తెలు, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం దాకా. కాయ కోత ఆలస్యమైతే ఇంకొంచెం వెనక్కి జరుపుకోవచ్చు.

ఆ కాలమే ఎందుకంటే, మామిడి ముదిరిన రెమ్మ చివర పూస్తుంది. కాయ కోసిన వెంటనే కత్తిరిస్తే వానలకు కొత్త చిగురు వస్తుంది, ఆ చిగురు నాలుగైదు నెలలు ముదిరి డిసెంబరు, జనవరి నాటికి పూతకు సిద్ధమవుతుంది. అదే కత్తిరింపు అక్టోబరు, నవంబరులో చేస్తే పూత రావాల్సిన చోట లేత చిగురు వస్తుంది. ఆ కొమ్మకు ఆ ఏడాది కాయ ఉండదు, పైగా రసం పీల్చే పురుగులకు లేత మేత దొరుకుతుంది. ఆగస్టు దాటిపోతే ఎండుకొమ్మలు మాత్రమే తీసి మిగతాది వచ్చే ఏటికి వదిలేయడం మేలు.

ముందు ఎండినవి, విరిగినవి తీయాలి. తర్వాత ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలు, నేలను తాకే కొమ్మలు. చివరికి చెట్టు నడిమధ్యన నిటారుగా లేచిన కొమ్మల్లో ఒకటో రెండో తీస్తే మధ్యాహ్నం ఎండ మాను దాకా దిగుతుంది. ఒక ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయకూడదు. చెట్టును బోడి చేసేసి శుభ్రం చేశామనుకోవడం మన కాలనీల్లో తరచూ కనిపిస్తుంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది. అలా కొట్టిన చెట్టు కంగారుగా నీరుకొమ్మలు వేస్తుంది. అవి మెత్తగా, రసంతో నిండి ఉంటాయి కాబట్టి పేనుబంక, పిండినల్లి ముందు వాటి మీదే వాలతాయి. హఠాత్తుగా ఎండకు గురైన బెరడు పగులుతుంది, ఆ పగుళ్లలో కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది.

కొమ్మను ఎక్కడ కోయాలన్నది ఎప్పుడు కోయాలన్నంత ముఖ్యం. దీని మీద అందరికన్నా ఎక్కువ పని చేసినవాడు అలెక్స్ షైగో. 1959లో అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో చేరి, మోటారు రంపంతో వేల చెట్లను నిలువునా చీల్చి, పాత గాయం నుంచి కుళ్లు ఎంత దూరం పాకిందో చూస్తూ పోయాడు. 1970లలో ఆయన చెప్పిన సంగతి చెట్ల వైద్యాన్ని మార్చేసింది. మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదు. పాడైన భాగాన్ని చెట్టు బాగు చేసుకోదు. దాని చుట్టూ రసాయనాలతో అడ్డుగోడలు కట్టి అక్కడే బంధించి, ఆ పైన కొత్త కలప పెంచుకుంటుంది. మానులోకి కుళ్లు దిగకుండా ఆపే గట్టి అడ్డు కొమ్మ మొదట్లో ఉంటుంది. కొమ్మ మానును కలిసే చోట వేలితో తడిమితే చిన్న ఉబ్బు తెలుస్తుంది. ఆ ఉబ్బు చెట్టుకే మిగలాలి, దానికి ఆనుకుని బయట వైపు కోయాలి.

పెద్ద కొమ్మయితే మూడు కోతలు పెట్టాలి. మానుకు అడుగు దూరంలో కొమ్మ అడుగు నుంచి పైకి మూడో వంతు లోతు వరకు మొదటి కోత. దానికి కొంచెం అవతల పై నుంచి రెండో కోత. కొమ్మ తన బరువుతో విరిగినా బెరడు మాను దాకా చీలిపోకుండా మొదటి కోత దగ్గరే ఆగుతుంది. మిగిలిన మోడును ఉబ్బు బయట మూడో కోతతో తీయాలి. మానుకు సమంగా నున్నగా చెక్కేస్తే చెట్టు అడ్డుగోడ కట్టే చోటే పోతుంది. జానెడు మోడు వదిలేస్తే అది చచ్చి కుళ్లుతుంది, కుళ్లు వెంట చీమలు, చెదలు, తొలిచే పురుగులు లోపలికి దారి చూసుకుంటాయి. గొడ్డలితో కొట్టిన మోడు మరీ అధ్వానం, పీచు లేచిన ఆ చివర వాన నీరు నిలుస్తుంది. కరెంటు తీగలకు దగ్గరగా ఉన్న కొమ్మల జోలికి మాత్రం సొంతంగా పోవద్దు, విద్యుత్ శాఖ వాళ్లకు చెప్పి లైను ఆపించుకోవాలి.

కోసిన చోట తారు, పెయింటు పూయడం వల్ల కుళ్లు ఆగదని కూడా షైగో తేల్చాడు. మన దగ్గర వాడే బోర్డో పేస్టు అలాంటి పూత కాదు, అందులోని రాగి బూజు బీజాలను మొలవనివ్వదు. ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో పనిచేసిన మియార్దే అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1885లో దీన్ని ప్రకటించాడు. దారిన పోయేవాళ్లు ద్రాక్ష కోయకుండా రోడ్డు పక్క తీగల మీద రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారట. ఆ తీగలకే తెగులు రాలేదని ఆయన గమనించాడు. ఇంటి అవసరానికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు చాలు. రెంటినీ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో సగం సగం నీటిలో కరిగించి, తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలో పోస్తూ కలపాలి. తర్వాత శుభ్రమైన ఇనుప మేకును నిమిషంసేపు ముంచి చూడాలి. మేకు మీద ఎర్రగా రాగి అంటితే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం వేయాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. అయితే తప్పు చోట కోసిన కొమ్మను ఏ పేస్టూ కాపాడదు. సరిగ్గా కోసిన చోట, వానల మొదటి వారాల్లో అది చెట్టుకు కాస్త గడువు ఇస్తుంది, అంతే.

రంపం చేతిలో ఉన్న రోజే మానును చుట్టూ చూసి రావాలి. బెరడు మీద చిన్న రంధ్రం, దాని కింద రంపపు పొట్టు లాంటి ఉండలు రాలి ఉంటే లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టే. తెల్లగా, బొటనవేలంత లావు పెరిగే ఈ పురుగు నెలల తరబడి కలపలో సొరంగం తవ్వుతూ ఉంటుంది. పైన కొమ్మ వాడేదాకా ఇంట్లోవాళ్లకు తెలియదు. సన్నని తీగను రంధ్రంలోకి పోనిచ్చి పురుగును పొడవాలి లేదా లాగాలి. తర్వాత కిరోసిన్‌లో తడిపిన దూది కుక్కి బంకమట్టితో మూసేయాలి. మర్నాడు కొత్త పొట్టు రాలిందేమో చూడాలి. రాలితే పురుగు బతికే ఉంది, మళ్లీ మొదలు.

కొబ్బరి సంగతి వేరు. దానికి కొమ్మలు లేవు, తల ఒక్కటే, మొవ్వు పోతే చెట్టే పోతుంది. పైగా మామిడిలా కొత్త కలప పెంచి గాయాన్ని కప్పుకునే శక్తి దానికి లేదు. కొబ్బరి మాను మీద పడ్డ గాటు చెట్టు ఉన్నంతకాలం గాటుగానే ఉంటుంది. ఎక్కడానికి వీలుగా మానుకు మెట్లు కొట్టడం, దింపు తీసేటప్పుడు పచ్చి మట్టను మాను దాకా నరకడం, ఈ రెండూ ఎర్రముక్కు పురుగును పిలిచి కూర్చోబెట్టే పనులు. తాజా గాయం వాసనకే ఆ పురుగు వస్తుంది. గాయంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు మానును లోపల నుంచి తినేస్తాయి. ముదిరిన దశలో మానుకు చెవి ఆనిస్తే పరపరమని కొరికే చప్పుడు వినిపిస్తుంది, రంధ్రాల నుంచి ఎర్రటి జిగురు కారుతుంది. పచ్చి మట్ట కోయక తప్పకపోతే మాను నుంచి నాలుగడుగుల కాడ వదిలి కోయమని శాస్త్రవేత్తలు చెబుతారు. పురుగు ఆ కాడలో పడ్డా మాను దాకా రాలేదు. పట్టుకుని లాగితే ఊడి వచ్చే ఎండు మట్టలను మాత్రం తీసేయవచ్చు.

ఎర్రముక్కు పురుగుకు మనిషి కన్నా ముందు దారి తెరిచేది కొమ్ము పురుగు. నల్లగా నిగనిగలాడుతూ, తల మీద ఖడ్గమృగానికి ఉన్నట్టు కొమ్ము ఉండే పెంకు పురుగు ఇది. రాత్రిళ్లు ఎగిరొచ్చి మొవ్వులోకి తొలుచుకుపోయి, ఇంకా విచ్చుకోని ఆకును నమిలి పీచు బయటికి తోస్తుంది. కొన్ని వారాల తర్వాత ఆ ఆకు విచ్చుకున్నప్పుడు కత్తెర పెట్టినట్టు మూలలు మూలలుగా తెగి కనిపిస్తుంది. అంతా తల పైకెత్తి ఆ ఆకును చూస్తారు. చూడాల్సింది పెరట్లో ఎరువు గుంటను. ఈ పురుగు కొబ్బరి మీద పుట్టదు. పెంటకుప్పలో, కుళ్లుతున్న కొబ్బరి మొద్దులో గుడ్లు పెడుతుంది. గడ్డపారతో కుప్ప తిరగేస్తే తెల్లగా, వేలెడు లావున, అర్ధచంద్రంలా ముడుచుకుని, గోధుమరంగు తలతో పిల్లపురుగులు బయటపడతాయి. నెలల తరబడి అక్కడే తిని, కోశమై, రెక్కలొచ్చాక చెట్టెక్కుతాయి. రోహిణి కార్తె ఎండల్లో, వానలు పడకముందే ఆ కుప్పను పూర్తిగా తిరగేసి కోళ్లను వదిలితే ఒక పూటలో ఖాళీ చేస్తాయి. కోళ్లు లేని ఇంట్లో మెటారైజియం అనే పచ్చబూజు కలిపితే పిల్లపురుగులకు రోగం పట్టి చస్తాయి. ఆ బూజు మనుషులకు, పశువులకు హాని చేయదు. ఎండిపోయిన కొబ్బరి మొద్దును పెరట్లో నిలబెట్టి ఉంచడం పక్కింటి చెట్లకు కూడా అపకారమే.

తెల్లదోమ గురించి ఒక మాట. 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనబడిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరిని కూడా పట్టింది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు, దూది లాంటి తెల్లటి పొర, కింద అరటి, జామ ఆకుల మీద మసి. చూడటానికి భయంగా ఉంటుంది, కానీ ఘాటు మందులు కొట్టడం ఇక్కడ నష్టం. ఎన్‌కార్సియా అనే సన్నటి కందిరీగ జాతి పురుగు ఈ తెల్లదోమ పిల్లల్లోనే గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది, మందు ముందుగా చంపేది దాన్నే. పొట్టి చెట్లకు ఆకు అడుగున నీళ్ల పైపుతో బలంగా కొట్టి కడిగితే చాలావరకు రాలిపోతాయి. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం ఇలాంటి మిత్ర పురుగులను, మిత్ర బూజులను పెంచి రైతులకు అందిస్తోంది. పెరట్లో రెండు చెట్లున్నవాళ్లు కూడా అక్కడి సలహా తీసుకోవచ్చు.

తొలకరి తర్వాత మునగ మానును రోజూ పొద్దున్నే ఒకసారి చూడాలి. గొంగళిపురుగులు రాత్రంతా ఆకు మేసి పగలు మాను మీద ఒకేచోట గుంపుగా అతుక్కుని ఉంటాయి. అప్పుడు చిక్కటి సబ్బునీళ్లు కొడితే గుంపంతా ఒకేసారి పోతుంది. చెట్టెక్కి చెదిరిపోయాక ఏమీ చేయలేం. వాటి వెంట్రుకలు తగిలితే దద్దుర్లు లేస్తాయి కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచాలి. కాపు అయిపోయాక మునగను మూడడుగుల ఎత్తుకు నరికితే కొత్త కొమ్మలు చేతికందే ఎత్తులో వస్తాయి, పురుగూ కంటికి అందుతుంది.

వేప విషయంలో తొందరపడి చేసిన నష్టం ఇంకా కళ్ల ముందే ఉంది. 2021 చివర్లో తెలంగాణ జిల్లాల్లో వేపచెట్ల కొమ్మల చివర్లు నిప్పు సోకినట్టు ఎండిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంద్రం లేత రెమ్మలను పట్టింది, టీ దోమ రసం పీల్చి వాటిని ఇంకా బలహీనం చేసింది. చెట్టు చచ్చిందనుకుని కొట్టేసినవాళ్లున్నారు. ఓపిక పట్టిన చోట చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. ఈ శిలీంద్రం ఎండు రెమ్మల మీదే బతుకుతూ వాన చినుకులతో పక్క రెమ్మలకు పాకుతుంది. అందువల్ల వేపకు కత్తిరింపు వేసవి చివర్లో, వానలకు ముందు. ఎండిన రెమ్మలను కాస్త పచ్చి భాగంతో కలిపి కోసి, పెరట్లో కుప్ప వేయకుండా దూరంగా పంపేయాలి. మొత్తం చెట్టే తీసేయాలనుకునేవాళ్లు 2002 నాటి వాల్టా చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలన్నది మరిచిపోకూడదు.

చెట్టుకు పట్టే పురుగులు ఒక ఎత్తు, చెట్టు మీదుగా ఇంట్లోకి వచ్చేవి ఒక ఎత్తు. డాబాకు ఆనుకున్న కొమ్మ ఎలుకలకు, చీమలకు దారి. గోడకూ కొమ్మ చివరకూ ఆరడుగులైనా ఎడం ఉండాలి. కొబ్బరి మానుకు ఆరడుగుల ఎత్తున జానెడున్నర రేకు చుడితే ఎలుక ఎక్కలేదు, ఇది కాయనూ కాపాడుతుంది. తొలకరి సాయంత్రం దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు రెక్కలు వచ్చిన చెదపురుగులే. రెక్కలు రాల్చి జంటలై తడి మట్టి, తడి కలప వెతుక్కుంటాయి. గోడకు ఆనించి పేర్చిన కట్టెలు, కొట్టేసిన చెట్టు మొద్దు అప్పటికే తీసేసి ఉండాలి. మాను మీద కనిపించే చెదల మట్టి పొరకు మాత్రం భయపడనక్కర్లేదు, చాలాసార్లు అవి చచ్చిన బెరడునే తింటాయి. మట్టిని చీపురుతో దులిపి, కింద బెరడు గట్టిగా ఉందో మెత్తబడిందో వేలితో నొక్కి చూస్తే చాలు. అదే రోజుల్లో నేల మీద తిరిగే ఎర్రటి ఆరుద్ర పురుగులను చంపకండి. మఖమల్ గుడ్డలా ఉండే ఆ చిన్న జీవాలు ఇతర పురుగులను, వాటి గుడ్లను తిని బతుకుతాయి.

చెట్టు తొర్రలో నిలిచిన గుక్కెడు నీళ్లు డెంగీ దోమకు చాలు. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది, నీరు ఎండినా గుడ్లు నెలల తరబడి చావకుండా ఉంటాయి. నీరు పోవడానికి తొర్రకు అడుగున రంధ్రం వేస్తుంటారు, అది తప్పు. చెట్టు లోపల కట్టుకున్న అడ్డుగోడను మనమే పగలగొట్టినట్టవుతుంది. తొర్ర నిండా ఇసుక పోస్తే సరిపోతుంది.

ఇంత చేసినా ఏప్రిల్ నాటికి పండు ఈగ వస్తుంది. కాయ పక్వానికి వచ్చే వేళ తొక్క కింద గుడ్లు పెడుతుంది, పండు కోస్తే లోపల తెల్ల పురుగులు. గుడ్డు పండు లోపల ఉంటుంది కాబట్టి పైన కొట్టిన మందు దాన్ని తాకదు. దీనికి దారి బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దొరికింది. అక్కడ కీటక శాస్త్రజ్ఞుడిగా ఉన్న హౌలెట్, నిమ్మగడ్డి జాతి సిట్రొనెల్లా నూనె వాసనకు మగ పండు ఈగలు మూగడం గమనించి 1912లో ప్రకటించాడు. కొద్ది ఏళ్లకే అలా రప్పించేది మిథైల్ యూజినాల్ అనే పదార్థమని తేల్చాడు. ఇప్పుడు షాపుల్లో దొరికే ఎరబుట్టల్లో ఉండేది అదే. తులసిలో కూడా అది కొంత ఉంటుంది, నలిపిన తులసాకును సీసాలో పెట్టి వేలాడదీసినా మగ ఈగలు వస్తాయి. మగవి తగ్గితే, జతకట్టని ఆడవి పెట్టిన గుడ్లు పిల్లలు కావు. ఎరబుట్టను కాయ పండకముందే, ఏప్రిల్ మొదట్లో కట్టాలి.

దానికన్నా కష్టమైనదీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ రాలిన పండ్లను ఏరడం. పురుగు పండులో తిని, బయటికొచ్చి మట్టిలో దూరి కోశంగా మారుతుంది. రాలిన పండును చెట్టు కింద వదిలితే వచ్చే తరాన్ని పాదులో నాటినట్టే. రోజూ ఏరి రెండడుగుల గోతిలో పూడ్చాలి, లేదా నల్లటి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో పడేయాలి. చివరి కాయ దించిన రోజు పాదును రెండు మూడు అంగుళాల లోతున పలుగుతో గీకి మట్టి తిరగేస్తే కోశాలు పైకి తేలతాయి. మే ఎండకు కొన్ని మాడతాయి, మిగిలినవి గోరింకలు ఏరుకుంటాయి. ఆ పని ముగిసేసరికి మృగశిర దగ్గర పడుతుంది, రంపానికి పదును పెట్టించుకోవాలి.